రాయి దెబ్బలకు టచప్ వేసి, కోటింగ్ కింద మూడేళ్లు చూశాక

మొన్న కారు కడిగి, ఆరాక, బానెట్ మీద అరచేయి ఆనించి మెల్లగా జరిపాను. రాయి తగిలి పెయింట్ ఊడితే, అక్కడ రంగు చుక్క పెట్టి నింపడాన్నే టచప్ అంటారు. మూడేళ్ల కిందట అలా వేసిన చోట్లు అక్కడ 19 ఉన్నాయి. కళ్లు మూసుకుని తడిమితే చేతికి తగిలినవి రెండే. కళ్లు తెరిచి వెతికితే, ఎక్కడెక్కడ వేశానో తెలిసిన నాకే కొన్ని దొరకలేదు. అందుకే ఈ సమీక్ష ఇప్పుడు రాస్తున్నాను. టచప్ గురించి వేసిన రోజే రాస్తే దానికి పెద్ద విలువ ఉండదు, ఆ రోజు ఎవరు వేసినా బాగానే కనిపిస్తుంది. ఎండలు, వానలు పోయి, వందసార్లు కడిగాక ఏం మిగిలిందన్నదే అసలు లెక్క.

నా కారు ముదురు బూడిద రంగు మెటాలిక్. ఎక్కువగా హైవే మీదే తిరుగుతుంది. నాలుగేళ్లకే ముందు భాగమంతా రాళ్లు తగిలి పెచ్చులు లేచాయి. లెక్కపెడితే మొత్తం 31: బానెట్ మీద 19, ముందు బంపర్ మీద 7, తలుపుల అంచుల్లో 3, ముందు అద్దం పైన రూఫ్ అంచులో 2. పాలిష్ చేసి సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద పల్చగా ఆరి గట్టిపడే రక్షణ పొర) వేద్దామనుకున్నప్పుడు, ఈ చిప్స్ (పెచ్చులు లేచిన చోట్లు) సంగతి ముందు చూడాలా తర్వాత చూడాలా అన్న ప్రశ్న వచ్చింది. ముందే చూడాలి, అందులో సందేహం లేదు. కానీ ఎంత ముందు అన్నది నేను ఒక తప్పు చేశాకే నేర్చుకున్నాను.

మొదటిసారి బానెట్ ఒక్కటే పెట్టుకున్నాను. శనివారం ఉదయం చిప్స్ అన్నీ నింపాను, ఆదివారం పాలిష్ చేశాను, ఆ సాయంత్రానికే కోటింగ్ వేసేశాను. సోమవారం చూస్తే అద్దంలా ఉంది. నెల తిరిగేసరికి వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు ప్రతి చిప్ దగ్గరా చిన్న గుంట కనబడటం మొదలైంది. రంగు రంగులానే ఉంది, కానీ చుట్టూ ఉన్న పెయింట్ కన్నా కిందికి కుంగిపోయింది. బాడీ షాపులో చాలా ఏళ్లుగా పెయింటింగ్ చేస్తున్న తెలిసినాయన ఒకరు ఉంటే తీసుకెళ్లి చూపించాను.

"అన్నా, నేను అంచు దాకా నిండుగా పెట్టాను కదా, గుంటలు ఎలా పడ్డాయి?" అని అడిగాను.

ఆయన వేలితో ఒకసారి తడిమి, "పైన ఎండింది తమ్ముడూ, లోపల ఎండలేదు. పెయింట్ ఇంకా దిగుతుంది. అది దిగేదాకా నువ్వు ఆగలేదు," అన్నాడు.

తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ అదే. సీసాలో వచ్చే టచప్ పెయింట్‌లో చాలా భాగం సాల్వెంటే. అది ఆవిరయ్యే కొద్దీ మిగిలిన పెయింట్ ముడుచుకుంటుంది. ప్యానెల్ మీద పల్చగా స్ప్రే కొట్టిన పెయింట్ గంటల్లో ఆరుతుంది. చిప్ గుంటలో నిలబడ్డ చుక్క అలా కాదు. పైన ముందు పొర కట్టేస్తుంది, లోపలి సాల్వెంట్ ఆ పొర గుండానే బయటికి రావాలి. దానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. నేను ఆదివారం నున్నగా చేసింది ఇంకా సగం తడిగా ఉన్న పెయింట్‌ని.

సరే, కుంగిన చోట ఇంకో చుక్క పెడదామని చూశాను. చుక్క నిలబడలేదు. తామరాకు మీద నీళ్లలా ముడుచుకుని అంచుకి జరిగిపోయింది. ఆరాక గోరు తగిలిస్తే పొలుసులా ఊడి వచ్చింది. కోటింగ్ చేయాల్సిన పనే అది, తన మీద ఏదీ అంటుకోనివ్వదు. పెయింట్ కూడా అందులో భాగమే. నేను చిప్స్ లోపలికి కూడా కోటింగ్ పట్టించాను కాబట్టి అవి ఆ స్థితిలోనే ఉండిపోయాయి. మైనం రాసినా ఇదే బాధ, కాకపోతే మైనాన్ని సాల్వెంట్‌తో తుడిచేయవచ్చు. ఆరి గట్టిపడిన సిరామిక్ కోటింగ్ తుడిస్తే పోదు, కాంపౌండ్‌తో (పైపొరని సన్నగా అరగదీసే పేస్టుతో) అరగదీయాల్సిందే.

ఇక్కడే టెన్షన్ పట్టుకుంది. కంపెనీ నుంచి వచ్చిన కారు మీద ప్రైమర్ (రంగు కింద వేసే పొర) నుంచి పైపొర దాకా అన్నీ కలిపి పెయింట్ మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) వరకు ఉంటుంది. అందులో పైన ఉండే క్లియర్ కోట్ (రంగులేని పారదర్శక పొర) సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందం కన్నా తక్కువ. ఎండ నుంచి కింది రంగుని కాపాడేది ఆ పొరే. గట్టిగా కాంపౌండ్ చేసిన ప్రతిసారీ అందులోంచి కొన్ని మైక్రాన్లు పోతాయి, మళ్లీ రావు. నా తొందర వల్ల బానెట్‌కి ఒక ఏడాదిలో రెండుసార్లు కాంపౌండ్ పడింది. గుంటల కన్నా ఆ సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

రెండోసారి మొత్తం కారు పెట్టుకున్నాను. ఈసారి క్యాలెండర్ చూసుకుని, కోటింగ్ వేసే రోజుకి నెల ముందు మొదలుపెట్టాను.

ముందు బాగా కడిగి, క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే మెత్తని ముద్ద) తిప్పి, ఒక్కో చిప్ పక్కన చిన్న మాస్కింగ్ టేప్ ముక్క అంటించి నంబర్ వేశాను. ఇది అతి అనిపించవచ్చు గానీ, మెటాలిక్ రంగు మీద కారు తడిగా ఉన్నప్పుడు సగం చిప్స్ కనబడవు. ఆ మాటకొస్తే తడి ఒక మంచి పరీక్ష కూడా. మచ్చ మీద నీటి చుక్క పెట్టినప్పుడు అది మాయమైతే దెబ్బ క్లియర్ కోట్ వరకే తగిలినట్టు. అలాంటి వాటికి రంగు అక్కర్లేదు, క్లియర్ ఒక్కటి చాలు. చుక్క పెట్టినా కనబడుతుంటే రంగు పోయినట్టే. లేత బూడిద రంగు కనిపిస్తే ప్రైమర్ దాకా, మెరుపో గోధుమ రంగో కనిపిస్తే ఇనుము దాకా దిగినట్టు. నా 31లో ఇనుము దాకా వెళ్లినవి ఆరు.

పెయింట్ విషయంలో నేను చెప్పగలిగేది ఒకటే: రంగు పేరు చూసి కొనకండి, కోడ్ చూసి కొనండి. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క పిల్లర్ మీదో, బానెట్ కిందో స్టిక్కర్ ఉంటుంది, కోడ్ దాని మీదే ఉంటుంది. ఒకే కోడ్‌లోనూ బ్యాచ్‌ని బట్టి కొద్దిగా తేడాలుంటాయి. అందుకని మొదటి చుక్క కారు మీద పెట్టలేదు. తెల్ల కార్డు మీద పూసి, ఆరాక కారు పక్కన పెట్టి, ఒకసారి నీడలో, ఒకసారి ఎండలో చూశాను. సీసాని కనీసం రెండు నిమిషాలు ఊపాలి, మెటాలిక్ పొడి (మెరుపునిచ్చే సన్నని రేణువులు) అంతా అడుగున కూర్చుని ఉంటుంది. ఊపకుండా తీసిన చుక్కకీ, ఊపి తీసిన చుక్కకీ నా కార్డు మీద రెండు వేర్వేరు రంగులు వచ్చాయి.

పెన్నులా వచ్చే టచప్ కూడా వాడి చూశాను. గీతలకి పనికొస్తుంది. చిప్స్‌కి నాకు నచ్చలేదు, నొక్కితే ఎంత కారుతుందో మన చేతిలో ఉండదు. సీసా మూతకి ఉండే బ్రష్ కూడా ఆవగింజంత చిప్‌కి మరీ లావు. నేను వాడింది టూత్‌పిక్, చిత్రకారులు వాడే అతి సన్నని బ్రష్. ఈ రెండే చాలు.

ఎక్కువమంది దాటేసే పని చిప్ లోపల శుభ్రం చేయడం. నా 11వ నంబర్ చిప్ గురించి చెబుతాను. బానెట్ మధ్యలో, పైకి చూస్తే రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. భూతద్దం పెట్టి సూది మొనతో అంచుని కదిపితే ఒక పక్క పెయింట్ పైకి లేచింది. ఇంకొంచెం కదిపితే ఆ ముక్క ఊడి వచ్చేసింది, కింద ఇటుక రంగు పొడి. బయటికి కనబడని తుప్పు పెయింట్ కిందుగా పక్కకి పాకింది. రెండు మిల్లీమీటర్ల చిప్ నాలుగు మిల్లీమీటర్లు అయింది. ఆ క్షణంలో చేయి ఆగిపోతుంది, ఉన్నదాన్ని పెద్దది చేశానే అనిపిస్తుంది. కానీ ఆ లేచిన అంచు మీదే రంగు వేసి ఉంటే మొదటి చలికాలానికే మొత్తం పెచ్చులా ఊడి వచ్చేది. గట్టిగా పట్టుకున్న పెయింట్ తగిలే దాకా అంచు తీసేయాలి. తుప్పుని సూదితో, తర్వాత అగ్గిపుల్ల చివరికి అంటించిన ఎమెరీ ముక్కతో, మెరిసే ఇనుము కనబడే దాకా గీకాలి. లోపలి గుంతల్లో నల్లచుక్కలు మిగిలితే రస్ట్ కన్వర్టర్ ఒక చుక్క పెట్టాను. అది మిగిలిన తుప్పుతో కలిసి నల్లని గట్టి పొరగా మారుతుంది. అయితే గీకడానికి బదులు వాడే మందు కాదది, గీకాక వాడేది. దీన్ని మరిచిపోయిన చోటు ఒకటుంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన చిన్న దూదిపుల్లతో చిప్ లోపలంతా తుడిచాను. అక్కడి నుంచి వేలు తగలనివ్వలేదు. ఇనుము కనబడిన ఆరింటికీ ముందు ప్రైమర్ పెట్టి ఒక రోజు వదిలేశాను.

రంగు పెట్టేటప్పుడు ఒక్కసారిగా నింపేయాలని చేయి తొందరపడుతుంది. చుక్కని గుంట మధ్యలో ఆనిస్తే చాలు, అదే అంచులకి పాకుతుంది. పల్చటి పొర పెట్టి గంట ఆగి ఇంకోటి. ఇలా రోజుకి రెండు పొరల చొప్పున రెండు మూడు రోజులు వేశాను. ఎండలో కాలిన బానెట్ మీద వేయకూడదు, చుక్క పాకక ముందే పైపొర కట్టేస్తుంది. గాలిలో తేమ బాగా ఎక్కువున్న రోజున వేసిన రెండు చిప్స్ ఆరాక పాలిపోయినట్టు తెల్లబారాయి, వాటిని తుడిచేసి మళ్లీ వేయాల్సొచ్చింది. రంగు చుట్టూ ఉన్న పెయింట్ కన్నా కాస్త కిందే ఉండగా ఆపి, పైన క్లియర్‌తో అంచు దాటి కొద్దిగా ఉబ్బుగా ఉండేలా నింపాను. మెటాలిక్‌కి ఇది ముఖ్యం. రంగునే పైదాకా నింపి దాన్ని అరగదీస్తే మెటాలిక్ పొడి తెగి, ఆ చోటు మురికిగా కనిపిస్తుంది.

ఇక ఆగడం. నేను మూడు వారాలు ఆగాను. సీసా మీద 24 గంటలని రాసి ఉంటుంది, అది ముట్టుకుంటే అంటుకోకుండా ఉండటానికి సరిపోయే సమయం. అరగదీయడానికి అది చాలదు. ఈ మూడు వారాల్లో కారు మామూలుగానే తిరిగింది. రెండో వారంలో చూస్తే ఉబ్బుగా పెట్టిన చుక్కల్లో ఎనిమిది సమానంగా దిగిపోయాయి, నాలుగు కిందికే వెళ్లాయి. ఆ నాలుగింటికి ఇంకో పొర క్లియర్ పెట్టాను. తొందరపడి ఉంటే ఈ పన్నెండూ కోటింగ్ కింద గుంటలయ్యేవి.

లెవెల్ చేయడానికి వాడింది 2500 నంబర్ వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే అతి సన్నని గరుకు కాగితం), తర్వాత 3000. పేపర్‌ని వేలికి చుట్టి రుద్దకూడదు, వేలు మెత్తగా ఉంటుంది కాబట్టి ఉబ్బుని వదిలేసి చుట్టూ ఉన్న మంచి క్లియర్‌ని తినేస్తుంది. పెన్సిల్ రబ్బరు ముక్క కోసి దానికి పేపర్ అంటించాను. సబ్బు కలిపిన నీళ్లు చల్లుకుంటూ, బరువు వేయకుండా, నాలుగు రుద్దుళ్లకి ఒకసారి తుడిచి చూడాలి. తుడిచినప్పుడు చుట్టూ మసకగా, మధ్యలో అరగని చోటు చిన్న మెరిసే చుక్కలా కనిపిస్తుంది, లేదా దానికి భిన్నంగా చుక్క ఒక్కటే మసకబారుతుంది. చుక్క మసకబారి చుట్టూ మెరుస్తుంటే సరైన దారిలో ఉన్నట్టు. చుట్టూ మసకబారడం మొదలవగానే ఆపేయాలి. వచ్చే నురగ తెల్లగా ఉందంటే క్లియర్ అరుగుతోంది. నురగలో కారు రంగు కనబడిందంటే క్లియర్ దాటిపోయినట్టే, అక్కడికక్కడే చేయి తీసేయాలి. నాకు తలుపు అంచులో ఒకచోట బూడిద రంగు వచ్చింది, దానికి మళ్లీ మొదటి నుంచి.

పాలిష్ ముందు చేసి టచప్ తర్వాత వేయవచ్చు కదా అని కొందరు అడుగుతారు. రెండు కారణాల వల్ల వద్దంటాను. కాంపౌండ్ తెల్లపొడి చిప్స్‌లోకి వెళ్లి గట్టిపడుతుంది, దాన్ని తీయడం ఇంకో పని. పైగా మెషిన్ ప్యాడ్ లేచి ఉన్న అంచుని పట్టుకుని చిప్‌ని పెద్దది చేస్తుంది. ఎలాగూ లెవెల్ చేసిన చోట పేపర్ గీతలు పోవాలంటే పాలిష్ కావాల్సిందే, ఆ పని రెండుసార్లు ఎందుకు?

పాలిష్ దగ్గర ఒక్క జాగ్రత్త. టచప్ పెయింట్ ఎంత ఆరినా కంపెనీ పెయింట్ అంత గట్టిపడదు, అందులో హార్డెనర్ (పెయింట్‌ని గట్టిపరిచే ద్రవం) ఉండదు కాబట్టి థిన్నర్ తగిలితే కరుగుతుంది. అందుకని ఆ చోట్ల మెషిన్ నిలపకుండా, తక్కువ స్పీడ్‌లో, మెత్తని ప్యాడ్‌తో దాటించాను. కోటింగ్ ముందు నూనె తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగం నీళ్లు కలిపి ఒక్కసారి ఆనించి తుడిచాను. అయినా బంపర్ మీద ఒకచోట గుడ్డకి లేతగా రంగు అంటింది, వెంటనే ఆపేశాను. కోటింగ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. చిన్న చిన్న భాగాలుగా పూసి తుడిచాను, ఒక రోజంతా తడి తగలనివ్వలేదు, వారం దాకా సబ్బు పెట్టలేదు.

ఇప్పుడు మూడేళ్ల లెక్క. 31లో 26 బాగున్నాయి. బాగున్నాయంటే అసలు కనబడవని కాదు. రెండు అడుగుల దూరం నుంచి కనబడవు. దగ్గరికి వంగి, వెలుతురు ఒక పక్క నుంచి పడేలా చూస్తే, మెటాలిక్ పొడి వేరే దిక్కుకి పడుకుని ఉండటం వల్ల చిన్న ముదురు చుక్క కనిపిస్తుంది. బ్రష్‌తో పెట్టిన మెటాలిక్‌లో ఇది తప్పదు. మూడు కొద్దిగా కుంగాయి, బానెట్ మీద రెండు, తలుపు అంచులో ఒకటి. బంపర్ మీద ఒకటి మొత్తం ఊడిపోయింది. అది పచ్చి ప్లాస్టిక్ కనబడేంత లోతు చిప్. ప్లాస్టిక్‌కి పెయింట్ పట్టుకోవాలంటే ముందు అడ్హీషన్ ప్రమోటర్ వేయాలి, నేను వేయలేదు. పైగా ప్రెషర్ వాషర్ మొన మరీ దగ్గరగా పెట్టి కడిగాను. ప్లాస్టిక్ తుప్పు పట్టదు కాబట్టి దాని గురించి బెంగ లేదు. 31వది రూఫ్ అంచులోది, అక్కడ తుప్పు తిరిగొచ్చింది.

కోటింగ్ రాళ్లని ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది గట్టిపడ్డాక ఒకటి రెండు మైక్రాన్లు ఉంటుంది. నీళ్లు నిలవనివ్వదు, మురికిని సులభంగా వదిలిస్తుంది, ఎండని తట్టుకోవడానికి సాయం చేస్తుంది. రాయి వేగంగా వచ్చి తగిలితే దానికి అడ్డు కాదు. దానికి 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉండే ప్రొటెక్షన్ ఫిల్మ్ కావాలి. ఈ మూడేళ్లలో నాకు కొత్తగా 9 చిప్స్ పడ్డాయి.

వాటి దగ్గర నేను ఊహించని ఒక మంచి జరిగింది. కోటింగ్ ఉన్న కారు మీద టచప్ పట్టదని మొదటిసారి అనుభవంతో భయపడ్డాను. కానీ కోటింగ్ తర్వాత పడిన చిప్ లోపల కోటింగ్ ఉండదు, రాయితో పాటే పోతుంది. లోపల శుభ్రంగా తుడిచి పెడితే పెయింట్ బాగా పట్టుకుంది. చుట్టూ అంచుకి పొరపాటున తగిలిన పెయింట్ మాత్రం కోటింగ్ మీద నిలవదు కాబట్టి తడిగా ఉండగానే గుడ్డకి వచ్చేసింది. అందుకని కొత్త చిప్ కనబడిన వారంలోపే, తుప్పు మొదలవక ముందే చుక్క పెట్టేస్తున్నాను. లెవెల్ చేయను, కాస్త ఉబ్బుగానే వదిలేస్తాను. ఆ చిన్న చుక్క కోసం చుట్టూ కోటింగ్ అరగదీయడం నాకు ఇష్టం లేదు.

ఇంట్లో చేయకూడనివి కూడా ఉన్నాయి. బఠాణీ గింజ కన్నా పెద్ద చిప్స్, పగుళ్లు పాకిన చోట్లు, తెలుపు ముత్యపు మెరుపున్న మూడు పొరల రంగులు నేనైతే పెయింటర్‌కే అప్పగిస్తాను. హార్డెనర్ కలిపే టూ-కే క్లియర్ గట్టిగా నిలుస్తుందని చాలామంది చెబుతారు, అది నిజమే. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు చాలా హాని. గుడ్డ మాస్కు వాటిని ఆపదు. సరైన రెస్పిరేటర్ లేకుండా దాన్ని ముట్టుకోవద్దు. నేను వాడలేదు.

రూఫ్ అంచులోని ఆ చిప్ విషయానికొస్తే, ఆ రోజు చీకటి పడుతుంటే గీకడం మధ్యలో ఆపేసి, నల్లగా మిగిలినదాని మీదే రస్ట్ కన్వర్టర్ పెట్టి, పైన ప్రైమర్ వేసేశాను. రెండేళ్లు బాగానే ఉంది. పోయిన వానాకాలం తర్వాత చుక్క చుట్టూ పెయింట్ చిన్న పొక్కులా లేచింది. నిన్న సూదితో తెరిచి చూస్తే కింద తుప్పు మళ్లీ ఆరు మిల్లీమీటర్ల వరకు పాకింది. ఈసారి ఉదయాన్నే మొదలుపెట్టి, ఇనుము మెరిసే దాకా గీకాను. చుట్టూ అర అంగుళం మేర కోటింగ్ కూడా అరగదీశాను. ప్రస్తుతం ప్రైమర్ ఆరుతోంది. రేపు మొదటి పొర రంగు, లెవెల్ చేయడం మూడు వారాల తర్వాతే.